మూలికల అంగడి నిలవాలి - ఎలా నిలవాలి?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనలో ఒక సామెత ఉన్నది. చెట్టులో లోపం ఉన్నదని దాని భావం కాదు. చేతికి అందే వస్తువు మీద మనకు గల చులకన భావాన్ని అది ఎత్తిచూపుతున్నది. నేడు ఈ మాట పెరటి చెట్టుకే గాక వీధి చివరనున్న మూలికల అంగడికి కూడా వర్తిస్తున్నది. శొంఠి, పిప్పళ్లు, కరక్కాయలు, వస కొమ్ములు, వట్టివేళ్లు గోనె సంచులలోను రేకు డబ్బాలలోను ఉంచుకొని, అడిగినదానిని త్రాసులో తూచి పొట్లం కట్టి ఇచ్చే ఆ చిన్న వ్యాపారి వద్దకు వెళ్లే గృహస్థులు క్రమేణా తగ్గిపోతున్నారు. అవే వస్తువులు సెల్‌ఫోనులో రెండు మీటలు నొక్కితే గుమ్మం ముందుకు వస్తున్నాయి.

వ్యాపారమన్నాక ఒకరు పెరుగుతారు, మరొకరు తరుగుతారు, ఇందులో వైద్యులు విచారించవలసినది ఏమున్నదని కొందరు అడగవచ్చు. పళ్లేల విషయంలోనో పాదరక్షల విషయంలోనో ఆ మాట చెల్లవచ్చును గాని ఔషధం విషయంలో చెల్లదు. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగు పాదాల మీద చికిత్స నిలుస్తుందని చరకుడు ఉపదేశించాడు. పూర్వం వైద్యుడు తానే అడవికి వెళ్లి మూలిక తెచ్చేవాడు. పశువుల కాపరులు, అడవిలో నివసించేవారు ఓషధుల పేర్లను, రూపాలను ఎరిగినవారని చరక సంహిత గౌరవంగా పేర్కొన్నది. నేడు ఆ అడవికి, వైద్యునికి, గృహస్థుకు నడుమ మిగిలిన వంతెన మూలికల అంగడి ఒక్కటే. ఆ వంతెన కూలితే నష్టపోయేది వ్యాపారి ఒక్కడే కాడు.

పోటీ ఎంతటివారితో?

మన దేశంలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2007లో ఆరంభమైనది. అమెరికాలో 1995లో పుస్తకాల అమ్మకంతో అడుగుపెట్టిన అమెజాన్ 2013 జూన్‌లో మన దేశంలో అంగడి తెరిచినది. తరువాత పట్టణాలలో పది నిమిషాలలో సరకు తెచ్చియిచ్చే సంస్థలు వచ్చాయి. వీరి వెనుక ఉన్న పెట్టుబడి అపారం. లాభం రాకపోయినా ఏండ్ల తరబడి తగ్గింపు ధరలు ఇవ్వగలరు. వీధిలోని వ్యాపారి నెల తిరిగేసరికి అద్దె కట్టాలి, విద్యుత్తు బిల్లు కట్టాలి, తన ఇల్లు నడుపుకోవాలి.

ప్రభుత్వం కొన్ని హద్దులు గీయకపోలేదు. విదేశీ పెట్టుబడి గల ఇటువంటి సంస్థలు అమ్మకందారులకు వేదికగా మాత్రమే ఉండాలని, తామే సరకు నిలువచేసి అమ్మరాదని 2016లో నిబంధన చేసినది. దానిని మరింత బిగించిన నిబంధనలు 2019 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చాయి. కొందరు అమ్మకందారులకు పక్షపాతం చూపుతున్నారన్న ఫిర్యాదుపై అమెజాన్, ఫ్లిప్‌కార్టుల మీద విచారణకు కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో ఆదేశించినది. చట్టం తన పని తాను చేయవలసినదే. కాని చట్టం వచ్చి ఏ అంగడికీ గిరాకీ తెచ్చిపెట్టదు. తనకు గల బలమేదో వ్యాపారి తానే తెలుసుకోవాలి.

మొదట తన బలహీనతను గుర్తించడం మంచిది. సీలు వేసిన కంపెనీ చ్యవనప్రాశ డబ్బానో, తైలం సీసానో తీసుకొని ధరలో పెద్ద సంస్థలతో పోటీపడితే చేజేతులా నష్టం కొనితెచ్చుకోవడమే. ఆ డబ్బా ఎక్కడ కొన్నా ఒక్కటే గనుక కొనేవాడు చౌకను చూస్తాడు. చిన్న అంగడి బలం డబ్బాలో లేదు, సంచిలో ఉన్నది. అనగా విడి మూలికలో ఉన్నది. ఇక్కడ పెద్ద సంస్థలు తీర్చలేని అవసరాలు మూడు కలవు.

పేరు ఒకటి, మూలిక మరొకటి

మొదటిది గుర్తింపు. సంస్కృతంలో ఒకే పేరు ప్రాంతాన్ని బట్టి వేర్వేరు మొక్కలకు చెల్లుతున్నది. రాస్నా అన్న పేరునే చూడండి. ఉత్తరాది వైద్యులు వాడే రాస్నా, వృక్షశాస్త్రంలో ప్లూచియా లాన్సియోలాటా అనబడే మొక్క. దక్షిణాదిన మన వైద్యులు తరతరాలుగా వాడుతున్నది దుంపరాష్ట్రం, అనగా అల్పీనియా గలంగా అనే దుంప. ఒకటి ఆకు, ఒకటి దుంప. మన వైద్యుడు వ్రాసిన చీటీ చూసి రోగి బంధువు ఫోనులో రాస్నా అని వెదికి కొంటే, ఏ ఊరి గిడ్డంగి నుండి వస్తే ఆ ఊరి మూలిక వస్తుంది. కీళ్ల నొప్పులకు కషాయం కాచుకునే పెద్దల ఇళ్లలో ఈ తికమక నేను పలుమార్లు చూశాను. పంపినవారిది మోసం కాదు, కొన్నవారిది అజ్ఞానమూ కాదు. నడుమ ఎరిగిన మనిషి లేకపోవడమే లోపం.

దారుహరిద్ర సంగతీ ఇంతే. హిమాలయ ప్రాంతపు దారుహరిద్ర ముళ్లపొద. మన అంగళ్లలో ఆ పేరుతో ఇచ్చే మానుపసుపు ఒక తీగ కాండం. బ్రాహ్మి అన్న పేరు నీటి తావులలో పెరిగే బకోపాకూ చెల్లుతున్నది, సరస్వతి ఆకుకూ చెల్లుతున్నది. శంఖపుష్పి అని అడిగితే కొందరు విష్ణుక్రాంత ఇస్తారు, కొందరు శంఖుపువ్వు మొక్క ఇస్తారు. స్త్రీల వ్యాధులలో వాడే అశోక పట్ట విషయం మరీ ప్రమాదకరం. అసలైన అశోకం అరుదైపోయినది. ఇళ్ల ముందు స్తంభాల వలె నిటారుగా పెరిగే నరమామిడిని కూడా జనం అశోకమనే పిలవడంతో, దాని పట్ట అశోక పట్టగా చెలామణి అవుతున్నది. అధిక ఋతుస్రావంతో నీరసించిన స్త్రీ నెలల తరబడి నరమామిడి పట్ట కషాయం త్రాగితే ఫలం ఏముంటుంది? గుణం కనబడకపోగా, అసలు చేయించవలసిన పరీక్షలు, చికిత్స ఆలస్యమవుతాయి.

ఫోనులోని బొమ్మ రుచి చూపదు, వాసన చూపదు. ద్రవ్యానికి రసమే మొదటి గుర్తు, అది నాలుకకే తెలుస్తుంది. మంచి కరక్కాయ బరువుగా ఉండి నీటిలో మునగాలని మన గ్రంథాలు చెప్పాయి. ఈ పరీక్షకు ఒక గ్లాసు నీరు చాలు. వస కొమ్ము విరిస్తే ఘాటైన వాసన రావాలి. పిప్పలి కొరికితే నాలుక చురుక్కుమనాలి. ఈ పరీక్షలన్నీ అంగడిలో నిలబడి చేయగలము. చుక్కల గుర్తులు, కొన్నవారి మెచ్చుకోళ్లు ఇందుకు బదులు కాజాలవు.

తాజా మూలిక, పాత మూలిక

రెండవ బలం తాజాదనం. ఎండు మూలికలు ఏడాది దాటితే వీర్యం తగ్గుతాయని, చూర్ణం రెండు నెలలకే శక్తి కోల్పోతుందని శార్ఙ్గధర సంహిత నిర్దేశించినది. వాయువిడంగాలు, పిప్పళ్లు, బెల్లం, తేనె, నెయ్యి వంటివి మాత్రం పాతబడినవే మేలని అదే గ్రంథం చెప్పినది. తిప్పతీగ, అడ్డసరం, కొడిసెపాల, బూడిదగుమ్మడి, పిల్లితేగలు, అశ్వగంధ వంటి వాటిని ఎల్లవేళలా పచ్చివిగానే గ్రహించాలన్నది కూడా ఆ గ్రంథ నిర్ణయమే.

ఇక మన ఇంటికి వచ్చే చూర్ణపు ప్యాకెట్ సంగతి ఆలోచించండి. ఎక్కడో పొడిచేసి, గిడ్డంగిలో నిలువ ఉంచి, మరొక గిడ్డంగికి చేర్చి, ఆపై మన ఇంటికి పంపుతారు. దాని మీద గడువు ఏడాదికి పైగా ముద్రించి ఉంటుంది. నేటి ప్యాకింగ్ పద్ధతులు గాలిని, తేమను కొంత నిరోధిస్తాయన్న మాట నిజమే. అయినను, కళ్ల ముందు దంచి జల్లించి ఇచ్చిన త్రిఫల చూర్ణానికి, నెలల క్రితం పొడి అయిన చూర్ణానికి గల తేడా వాసనలోనే తెలుస్తుంది. ఊరి పొలిమేరలో తిప్పతీగ కోయించి తెప్పించి, కొబ్బరిపీచు తాడుతో కట్టలు కట్టి అదే సాయంత్రం అమ్మగల శక్తి వీధి వ్యాపారికి ఉన్నది. ఇంత పని ఎంతటి పెద్ద సంస్థకైనా కష్టమే.

తులం లెక్క

మూడవ బలం కొలత. సాధారణంగా కషాయపు చీటీలో తొమ్మిదో పదో దినుసులు ఉంటాయి. ఒక్కొక్కటి తులమో రెండు తులాలో కావాలి. తులమంటే సుమారు 12 గ్రాములు. పెద్ద సంస్థల వద్ద ఇంత కొద్ది సరకు దొరకదు. ఇంటికి చేర్చే ఖర్చే సరకు వెలను మించుతుంది గనుక వంద గ్రాములో పావుకిలోనో కట్టిన ప్యాకెట్లు అమ్ముతారు. పది దినుసులకు పది ప్యాకెట్లు కొంటే, వాడగా మిగిలినది వంటింటి అలమరలో పురుగు పడుతుంది. మరుసటి ఏడు దగ్గు వచ్చినప్పుడు ఆ పాతదే కాచి త్రాగి, ఆయుర్వేదం పనిచేయలేదంటారు. చౌకగా కొన్నామన్న సంతోషం లెక్క వేస్తే నిలవదు. చీటీ ప్రకారం తూచి, పది పొట్లాలకు పది పేర్లు వ్రాసి, లేదా అన్నీ కలిపి బరకగా దంచి ఏడు రోజుల పొట్లాలు కట్టి ఇచ్చే అంగడికి ఈనాటికీ పోటీ లేదు.

అంగడివారి దోషాలు దాచరాదు

ఇంతవరకు చిన్న వ్యాపారుల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు వారితోనే మాట్లాడాలి. గిరాకీ తగ్గడానికి కారణమంతా పెద్ద సంస్థలేనని అనడం ఆత్మవంచన. ఏండ్ల తరబడి మారని సంచులు, పురుగు తొలిచిన శొంఠి, బూజు పట్టిన మూలికలు, మిరియాలలో బొప్పాయి గింజలు - ఇవి గృహస్థులను అంగడికి దూరం చేశాయి. సీలు వేసిన ప్యాకెట్ మీద కనీసం తయారీదారుని పేరు, చిరునామా, తేదీ ఉంటాయి. పొట్లం మీద ఏమున్నది? పాత వార్తాపత్రిక సిరా తప్ప మరేమీ లేదు.

ఇంతకంటె పెద్ద దోషం వైద్యం చేయబోవడం. కొన్ని చోట్ల నొప్పులకు, ఉబ్బసానికి, మధుమేహానికి పేరులేని పొడులు ఇస్తున్నారు. అటువంటి పొడులలో స్టీరాయిడ్లు కలిపిన ఉదంతాలు వైద్య లోకానికి కొత్త కాదు. తక్షణ ఉపశమనం చూసి రోగి మురిసిపోతాడు. తరువాత ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, చక్కెర పెరుగుతుంది. నింద మాత్రం ఆయుర్వేదం మీద పడుతుంది.

మరి విషద్రవ్యాల మాటేమిటి? నాభి, ముష్టిగింజలు, నల్లజీడి, నేపాళం, ఉమ్మెత్త, గురివింద, పాదరసం, ఇంగిలీకం, తాళకం మొదలైనవి ఔషధ చట్టపు ఇ(1) షెడ్యూలులో ఉన్నాయి. శుద్ధి చేసి, వైద్యుని పర్యవేక్షణలో వాడవలసినవి. ఇవి చేరిన ఆయుర్వేద మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆన్‌లైన్ వ్యాపార సంస్థలకు సూచన జారీ చేసినది. అల్లోపతి మందుల దుకాణానికి వలె ఆయుర్వేద ఔషధాల అమ్మకానికి చట్టం లైసెన్సు విధించలేదు. అందువల్ల వీధి అంగడి ఆ క్రమశిక్షణను తనకు తానే విధించుకోవాలి. అడిగినవారికల్లా ముష్టిగింజలు తూచి ఇచ్చే అంగడి నిలవాలని నేను కోరను. అది మూతపడడమే లోకానికి క్షేమం.

గిరాకీ వచ్చే మార్గాలు

మంచి వ్యాపారి ఏమి చేయవచ్చునో నాకు తోచినది చెబుతాను. మొదటిది, ప్రతి డబ్బా మీద మూడు పేర్లు వ్రాయాలి: తెలుగు పేరు, సంస్కృతం పేరు, వృక్షశాస్త్ర నామం. క్రింద సరకు వచ్చిన నెల, వచ్చిన చోటు వ్రాయాలి. దీనికి అయ్యే ఖర్చు అట్టముక్క, సిరా మాత్రమే. కాని ఆ నాలుగు పంక్తులే విశ్వాసాన్ని కలిగిస్తాయి. తనకు గుర్తు తెలియని మూలికను తెలియదని చెప్పి అమ్మకపోవడం అంతకంటె పెద్ద ప్రకటన.

రెండవది, ఋతుచర్యను అనుసరించి సరకు సిద్ధం చేయాలి. ఉగాదికి వేపపువ్వు, వేసవికి సుగంధిపాల వేర్లు, వట్టివేళ్లు, సబ్జా గింజలు, వానలు మొదలు కాగానే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, కార్తీకంలో ఉసిరికాయలు, సంక్రాంతి ముందు నలుగుకు సున్నిపిండి దినుసులు. బావంచాలు, కచ్చూరాలు, పెసలు కళ్ల ముందు తూచి మరపట్టించి ఇస్తే ఏ ఇల్లాలు కాదంటుంది? ఊళ్లో పురుడు వచ్చిన ఇంటికి బాలింత కాయం దినుసులు, వాము, మోడి, శొంఠి సిద్ధంగా ఉంచే అంగడికి ఆ ఇంటివారు మూడు తరాలు వస్తారు. అయితే బాలింతకు ఎంత మోతాదు ఇవ్వాలన్నది అంగడివారు కాక వైద్యులే నిర్ణయించాలి.

మూడవది, చిన్న మర ఒకటి అంగడిలోనే ఉండాలి. పసుపు ఉదాహరణ చూడండి. దుగ్గిరాల, నిజామాబాదు పేరెన్నికగన్న పసుపు మార్కెట్లు. అక్కడి కొమ్ములు తెచ్చి, కొన్నవారి ఎదుటనే ఆడించి ఇస్తే, పొడిలో సీసపు రంగు కలిసిందేమోనన్న భయం ఉండదు. తేనె, కుంకుళ్లు, శీకాయ వంటి అటవీ ఉత్పత్తులకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉన్నది. నమ్మకమైన మూలం ఎంచుకొని, ఆ మూలమేదో కొనేవారికి చెప్పడమే కావలసినది.

నాల్గవది, ఊరిలోని ఆయుర్వేద వైద్యులతో సంబంధం. ఏ మూలిక వచ్చినదో, ఏది దొరకలేదో వైద్యునికి కబురు చేయాలి. దొరకని దాని బదులు మరొకటి తన ఇష్టానుసారం వేయరాదు. ప్రతినిధి ద్రవ్యం నిర్ణయించే అధికారం వైద్యునిదే. ఇందులో కమీషను మాట రాకూడదు. వచ్చిననాడు వైద్యుని చీటీకి, వ్యాపారి పొట్లానికి రెంటికీ విలువ పోతుంది.

అయిదవది, కొత్త సాధనాలను చూసి బెదరనక్కరలేదు. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపులు ఇప్పుడు కూరగాయల బండి వద్ద కూడా ఉన్నాయి. కదలలేని వృద్ధులు చీటీని వాట్సాప్‌లో ఫోటో తీసి పంపితే, పొట్లాలు కట్టి సాయంత్రం కుర్రవానితో పంపవచ్చు. చిన్న వర్తకులు కూడా ఆన్‌లైన్ వ్యాపారంలో చేరడానికి ప్రభుత్వ ప్రోత్సాహంతో 2021 చివర ఓ.ఎన్.డి.సి. అనే సంస్థ ఏర్పడినది. అవకాశమున్నవారు అందులో చేరవచ్చు. నాలుగు అంగళ్లవారు కలిసి టోకున సరకు తెప్పించుకుంటే సరకు తాజాగానూ ఉంటుంది, ధరా తగ్గుతుంది.

గృహస్థులకు ఒక మాట

ఆన్‌లైన్‌లో కొనడం పాపమని నేను అనను. అంగడి లేని ఊళ్లలో ఉన్నవారికి, ఇతర రాష్ట్రాలలో, విదేశాలలో ఉన్న మన పిల్లలకు అది గొప్ప సదుపాయం. కొనేటప్పుడు అమ్మకందారుని పేరు, చిరునామా చూడండి. 2020 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం ఈ వివరాలు చూపవలసిన బాధ్యత సంస్థలదే. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలని కూడా ఆ నియమాలలో ఉన్నది. వృక్షశాస్త్ర నామం లేని మూలికను కొనకండి. పొడి కంటె మూలికను మూలికగా కొనడం మేలు. గర్భిణులు, పసిపిల్లలు, రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బులకు మందులు వాడుతున్నవారు ఎక్కడ కొన్నా వైద్యుని అడిగిన తరువాతే వాడాలి.

దగ్గరలో అంగడి ఉన్నవారు మాత్రం ఈ వారం ఇంటికి కావలసిన శొంఠి, కరక్కాయలు స్వయంగా వెళ్లి చేతిలోకి తీసుకొని చూసి కొనండి. పిల్లలను వెంట తీసుకువెళ్లండి. పిప్పలికి మిరియానికి తేడా తెలియని తరం పెరుగుతున్నది. పురుగు పట్టిన సరకు ఇస్తే తిరస్కరించండి, కారణం చెప్పి మరీ తిరస్కరించండి. మంచి సరకు ఇస్తే ఐదు రూపాయలు ఎక్కువైనా మళ్లీ అక్కడికే వెళ్లండి. ఆ ఐదు రూపాయలు మూలికకు మాత్రమే ఇచ్చే వెల కాదు. ఇది అసలైనది, అది కాదు అని చెప్పగల మనిషి రేపు కూడా మన వీధిలో ఉండడానికి ఇచ్చే వెల.